అండమాన్ ప్రయాణం: పాలమూరు, నల్లగొండ నుంచి పోయేవాళ్లకు

అండమాన్ ప్రయాణాలు ఎక్కువగా ఒకే పొరపాటుతో పాడవుతాయి. దీవి నుంచి ఓడలో తిరిగొచ్చే రోజునే హైదరాబాద్ విమానం పెట్టుకుంటారు. ఓడ పదకొండుకు వస్తుంది, విమానం రెండున్నరకు, మధ్యలో మూడున్నర గంటల టైముంది కదా అని లెక్క వేస్తారు. ఆ పొద్దున గాలి లేస్తుంది. ఓడ రద్దవుతుంది. ఓడ పైసలు తిరిగొస్తాయి గానీ విమానం పైసలు రావు, అప్పటికప్పుడు కొనే కొత్త టికెట్టుకు రెండు మూడింతలు పెట్టాలి. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కిన అలవాటుతో సముద్రంలో ఓడ ఎక్కితే ఇట్లాగే అవుతుంది. ఓడకు టైం టేబుల్ ఉంటుంది కానీ ఆఖరి మాట గాలిది.

అందుకే గదులు, తిండి, ఫొటోలు అన్నీ తర్వాత. ముందు కాగితం మీద ఒక్క సంగతి రాసుకోండి: ఆఖరి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే (అండమాన్ రాజధాని, విమానం ఎక్కేది దిగేది ఇక్కడే) పడుకోవాలి. మిగతా రోజులన్నీ దాని నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ పోవాలి.

ఏ నెలలో పోవాలి

మనకు రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కొడుతుంటే, అక్కడ అప్పటికే వానాకాలం మొదలై ఉంటుంది. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు, మే మూడో వారానికల్లా అండమాన్‌ను తాకుతాయి. కాబట్టి పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చారు కదా అని మే నెలాఖరుకు పోతే గదిలో కూర్చొని వాన చూడాల్సిందే. ఏడాదికి అక్కడ పడే వాన దాదాపు 3000 మిల్లీమీటర్లు, పాలమూరు వానకు సుమారు నాలుగింతలు. అక్టోబర్, నవంబర్ నెలల్లో బంగాళాఖాతంలో తుపాన్లు లేస్తాయి, ఓడలు ఎక్కువగా ఆగేది అప్పుడూ, నైరుతి వానల్లోనూ.

జనవరి నుంచి ఏప్రిల్ సగం దాకా మంచి కాలం. సముద్రం నిమ్మళంగా ఉంటుంది, నీళ్లలో అడుగు కనిపిస్తుంది. వ్యవసాయం ఉన్న ఇళ్లకు యాసంగి నాట్లు అయిపోయి వరి పొట్టకొచ్చే లోపు, అంటే ఫిబ్రవరి, అన్నిటికన్నా అనువైన నెల. పైగా అప్పుడు డిసెంబర్ చివరి వారం, సంక్రాంతి సెలవుల రద్దీ ఉండదు. విమానం ధర, గది ధర రెండూ దిగుతాయి.

పేర్లతో మొదటి తికమక

టికెట్లు కొనేటప్పుడు చాలామంది పేర్ల దగ్గరే ఆగిపోతారు. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అయింది. హ్యావ్‌లాక్ దీవి 2018 డిసెంబర్ 30 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. ఓడ టికెట్టు మీద కొత్త పేరు ఉంటుంది, ఆటో ఆయన పాత పేరు చెప్తాడు. రెండూ గుర్తుంచుకోవాలి.

ఇంకో తికమక మన పేర్లదే. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, టికెట్టు కొట్టించేటప్పుడు ఇంటిపేరు వదిలేసి పిలిచే పేరు ఒక్కటే రాయిస్తారు. విమానాశ్రయం గేటు దగ్గరా, ఓడ కౌంటర్ దగ్గరా ఆధార్‌తో పోల్చి చూస్తారు. కాబట్టి కార్డులో ఎట్లా ఉంటే అట్లాగే, అక్షరం మారకుండా రాయించాలి. పిల్లల ఆధార్ కూడా అసలుది పట్టుకోవాలి. మన దేశం వాళ్లకు పోర్ట్‌బ్లెయిర్, హ్యావ్‌లాక్, నీల్‌కు పర్మిట్ ఏమీ అక్కర్లేదు. నికోబార్ దీవులు పర్యాటకులకు లేవు, ఎవరైనా తీసుకుపోతామంటే నమ్మొద్దు.

కొనే వరస ఇది: ముందు విమానం రానూపోనూ, వెంటనే ఓడలు, ఆ తర్వాత గదులు. గది ముందు కొని ఓడ దొరక్క తలపట్టుకున్నవాళ్లు ఎక్కువ. ప్రైవేటు ఓడల టికెట్లు చాలా ముందు నుంచే ఆన్‌లైన్‌లో ఉంటాయి. సర్కారు ఓడ చవక, కానీ దాని టికెట్లు కొద్ది రోజుల ముందే తెరుస్తారు, అక్కడి వాళ్లకూ అదే దిక్కు కాబట్టి తొందరగా అయిపోతాయి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే సర్కారు ఓడను నమ్ముకొని గదులు కొనొద్దు.

ఇంటి నుంచి శంషాబాద్ దాకా

శంషాబాద్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు నేరుగా విమానం ఉంటే రెండున్నర గంటల లోపే. లేని రోజుల్లో చెన్నై, బెంగళూరు లేదా కోల్‌కతాలో మారాలి. మారేటప్పుడు రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకుంటే మొదటిది ఆలస్యమైనా రెండోదాని బాధ్యత కంపెనీదే అవుతుంది.

మన జిల్లాలవాళ్లకు ఒక లాభం ఉంది. విమానాశ్రయం హైదరాబాద్‌కు దక్షిణాన ఉంది, నగరంలోకి పోయే పనే లేదు. పాలమూరు, వనపర్తి, గద్వాల నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే శంషాబాదే. హైదరాబాద్ బస్సులో వచ్చి శంషాబాద్‌లో దిగి ఆటో పట్టుకోవచ్చు. కల్వకుర్తి, అచ్చంపేట వాళ్లు ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా తుక్కుగూడ చేరితే చాలు. నల్లగొండ, సూర్యాపేట వాళ్లకు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేటలో ఔటర్ రింగురోడ్డు ఎక్కి శంషాబాద్‌లో దిగడం సులువు. దేవరకొండ వైపు వాళ్లు మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం దాటి బొంగులూరు గేటు దగ్గర ఔటర్ ఎక్కాలి. విమానం టైముకు రెండు గంటల ముందు గేటు దగ్గర ఉండాలి. పాలమూరు నుంచి తొవ్వకు రెండు గంటలు, నల్లగొండ నుంచి మూడు గంటలు లెక్కలో పెట్టుకోండి. పొద్దున ఆరు గంటల విమానమైతే నల్లగొండ వాళ్లు రాత్రి ఒంటిగంటకే, పాలమూరు వాళ్లు రెండింటికే ఇల్లు కదలాలి. పిల్లలున్నవాళ్లు ముందురోజు సాయంత్రమే వచ్చి శంషాబాద్‌లో పడుకోవడం మేలు.

ఓడలో కూడా పోవచ్చు. చెన్నై, విశాఖ, కోల్‌కతా నుంచి ఉన్నాయి, రెండున్నర మూడు రోజులు పడుతుంది. అది ఉద్యోగస్తుల వారం సెలవులకు సరిపడే పని కాదు.

సంచిలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

దేశంలోపలి విమానాల్లో మామూలుగా కిందికి ఇచ్చే బ్యాగు 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. సకినాలు, గరిజలు, కారప్పూస ఏ సంచిలోనైనా పోతాయి. నూనె తేలే పచ్చడి చేతి సంచిలో ఉంటే తనిఖీలో తీసేస్తారు, మూతకు టేపు చుట్టి కిందికి ఇచ్చే బ్యాగులో పెట్టాలి. ఎండు కుడుకల విషయం చాలామందికి తెలియదు. నూనె ఎక్కువ కాబట్టి తొందరగా అంటుకుంటాయని వాటిని కిందికి ఇచ్చే బ్యాగులో పెట్టనివ్వరు. సత్యనారాయణ వ్రతం చేసుకొని అట్లే బయలుదేరే కొత్త జంటల సంచుల్లో కుడుకలు దొరకడం మామూలే. పవర్ బ్యాంకు దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి.

బట్టల్లో జీన్స్ వద్దు. అక్కడి గాలిలో తేమకు ఒకసారి తడిస్తే రెండు రోజులైనా ఆరదు. పల్చటి, తొందరగా ఆరే బట్టలు మనిషికి ఐదారు జతలు. చీరతో సముద్రంలో దిగడం నిజంగానే ప్రమాదం. తడిసిన చీర బరువెక్కుతుంది, అల వెనక్కి లాగినప్పుడు కాళ్లకు చుట్టుకొని లేవనివ్వదు. లెగ్గింగు మీద పొట్టి కుర్తా వేసుకుంటే చాలు. చెప్పులు వెనుక పట్టీ ఉన్నవే తీసుకోవాలి, మామూలు హవాయి చెప్పుల్ని మొదటి అలే పట్టుకుపోతుంది. మందుల్లో రోజూ వేసుకునేవి రెండు రోజులు ఎక్కువే ఉంచుకోవాలి, ఓడ ఆగితే నీల్‌లో మీ బీపీ గోలీ అదే కంపెనీది దొరకకపోవచ్చు.

ఓడలో కడుపు తిప్పకుండా

పోర్ట్‌బ్లెయిర్ నుంచి హ్యావ్‌లాక్‌కు ప్రైవేటు ఓడ గంటన్నర నుంచి రెండు గంటల్లో పోతుంది, సర్కారు ఓడ రెండున్నర గంటలు. హ్యావ్‌లాక్ నుంచి నీల్‌కు సుమారు గంట. కౌంటర్ దగ్గర గంట ముందు ఉండాలి. ఏ జెట్టీ (ఓడ ఎక్కే రేవు) నుంచి అన్నది టికెట్టు మీద చదవాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే, హాడో అని రెండు చోట్లు ఉన్నాయి, ఒకదానికి బదులు ఇంకోదానికి పోతే ఓడ పోతుంది.

బస్సులో వాంతి చేసుకోనివాళ్లకు కూడా ఓడలో కడుపు తిప్పవచ్చు. బస్సు ఊపు ముందుకూ వెనక్కూ, ఓడ ఊపు నాలుగు దిక్కులా. లోపలి చెవి ఊపును పసిగడుతుంది, కళ్లేమో ఎదురుగా కదలని సీటును చూస్తాయి. ఆ పొంతన కుదరకే తిప్పుడు. అవోమిన్ లాంటి గోలీ బయలుదేరే అరగంట గంట ముందు వేసుకోవాలి, తిప్పుడు మొదలయ్యాక వేస్తే ఫలితం లేదు. మత్తు వస్తుంది కాబట్టి పిల్లలకు, గర్భిణులకు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. ఖాళీ కడుపూ వద్దు, మటన్ బిర్యానీ తిన్న కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు సరిపోతాయి. ముందు వరస సీటు అద్దంలోంచి బాగా కనబడుతుందని అడిగి మరీ తీసుకుంటారు. ఊపు ఎక్కువ అక్కడే. మధ్యలో, కాస్త వెనుకగా, కింది అంతస్తులో కూర్చోవాలి. ఫోన్ చూడొద్దు. దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తుంటే కుదుటపడుతుంది. పైకి పోయి నిలబడే వీలున్న ఓడ దొరికితే అదే మంచిది, ఏసీ గదిలా మూసేసిన ఓడలో పక్కవాళ్ల వాసనే సగం తిప్పిస్తుంది.

పొద్దు మన లెక్కలో గూకదు

గడియారం ఒకటే అయినా సూర్యుడు ఒకటి కాదు. నల్లగొండ కంటే పోర్ట్‌బ్లెయిర్ పదమూడున్నర డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు గంట తేడా. డిసెంబర్ మొదట్లో అక్కడ ఐదు కాకముందే పొద్దు గూకుతుంది, జనవరి మధ్యలో ఐదుంబావుకు, ఏప్రిల్‌లో ఐదున్నరకు. మధ్యాహ్నం తిని కునుకు తీసి నాలుగున్నరకు బీచికి పోదామంటే చీకటే చూస్తారు. తెల్లవారేది కూడా ముందే కాబట్టి ఐదింటికి లేచి, పనులన్నీ మూడు లోపు ముగించే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి. ఊళ్లో పొలం పోయేవాళ్లకు ఇది కష్టం కాదు, కష్టమంతా సెలవని ఎనిమిది దాకా పడుకునేవాళ్లకు.

ఆరు రాత్రులు ఉంటే ఇట్లా సర్దుకోవచ్చు. మొదటి రోజు దిగి సెల్యులర్ జైలు, సాయంత్రం అక్కడి సౌండ్ అండ్ లైట్ షో. రెండో రోజు పొద్దటి ఓడకు హ్యావ్‌లాక్, మూడింటికల్లా రాధానగర్ బీచి. మూడో రోజు స్కూబా (గాలి సిలిండరు కట్టుకొని నీళ్ల అడుగుకు దిగడం) లేదా ఎలిఫెంట్ బీచి. నాలుగో రోజు హ్యావ్‌లాక్‌లోనే కాలాపత్థర్ బీచి, విశ్రాంతి. ఐదో రోజు నీల్‌కు పోయి రాత్రి అక్కడే. ఆరో రోజు పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ, ఆ రాత్రి అక్కడ. ఏడో రోజు విమానం. నాలుగు రాత్రులే ఉంటే నీల్‌ను వదిలేయాలి. రెండు దీవులనూ ముట్టి రావాలనే ఆరాటంలో రోజంతా జెట్టీల్లో వరుసలో నిలబడాల్సి వస్తుంది.

సెల్యులర్ జైలును 1896 నుంచి 1906 దాకా కట్టారు. ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. ఆ జైలు కట్టడానికి చాలా ముందే, 1857లో హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినందుకు మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. కోఠీ బస్టాపులో దిగేటప్పుడు గుర్తురాని పేరు ఇది, అక్కడైనా గుర్తుచేసుకోవాలి.

నీళ్లలో దిగే ముందు

చెరువులో, బావిలో ఈత నేర్చినవాళ్లే సముద్రంలో ఎక్కువ ఇబ్బంది పడతారు. బావి నీళ్లకు నడక ఉండదు. సముద్రపు నీళ్లు రోజుకు రెండుసార్లు పెరుగుతాయి, రెండుసార్లు తగ్గుతాయి. పెరగడం పోటు, తగ్గడం ఆటు. ఒక పోటు నుంచి తర్వాతి ఆటుకు ఆరు గంటల పైచిలుకు, రేపటి టైము ఇవాళ్టి కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్యకు, పున్నమికి ఆటుపోట్లు పెద్దవి, అష్టమి దగ్గర చిన్నవి. క్యాలెండర్ చూసి తిథి తెలుసుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది కాబట్టి ఈ లెక్క సులువుగా పట్టుబడుతుంది. ఆ రోజు టైములు హోటల్లో అడిగితే చెప్తారు.

దీనితో పనేమిటంటే, నీల్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన ఆటు టైములోనే చూడాలి. ఆటుకు గంట ముందు చేరి, గంట తర్వాత కదిలిపోవాలి. పోటులో పోతే రాళ్ల మీది తొవ్వ మునిగిపోయి ఉంటుంది. అదే నీల్‌లో భరత్‌పూర్ బీచిలో నీళ్లలో ఆడాలంటే పోటు కావాలి, ఆటులో మోకాలి లోతు కూడా ఉండదు, కాళ్ల కింద పగడపు రాళ్లు కోస్తాయి. హ్యావ్‌లాక్ కాలాపత్థర్‌లో పెద్ద పోటుకు ఇసుకే మిగలదు. నీల్‌లో రాతి వంతెనకూ భరత్‌పూర్‌కూ ఒకే రోజున పోయేవాళ్లు టైము చూసుకొని ముందూ వెనుకా మార్చుకోవాలి, ఆటో ఆయన తన వరసలో తిప్పుతానంటే ఒప్పుకోవద్దు.

అల వెనక్కి పోతూ ఒకచోట కాలువలా లాగితే ఒడ్డు వైపు ఈదొద్దు. ఎంత బలమున్నా అలసిపోతారు. ఒడ్డు వెంబడే, పక్కకు ఈదితే ఆ లాగుడు నుంచి బయట పడతారు, అప్పుడు ఒడ్డుకు రావాలి. ఉప్పునీటి మొసళ్లున్న దీవులివి. మొసలి బొమ్మతో బోర్డు ఉన్న చోట, మడ అడవి పక్కన, వాగు సముద్రంలో కలిసే చోట మోకాలి లోతుకు కూడా దిగొద్దు. లైఫ్‌గార్డు ఈల వేస్తే వాదన వద్దు. ఒడ్డున వట్టి ఇసుకలో పడుకుంటే ఇసుక ఈగలు కుడతాయి, వారం దాకా దురద. చాప వేసుకోవాలి.

స్కూబాకు ఈత రానక్కర్లేదు. మొదటిసారి దిగేవాళ్లను శిక్షకుడు పట్టుకొనే తీసుకుపోతాడు, లోతు 12 మీటర్లకు మించదు, పదేళ్లు నిండాలి. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉంటే ఫారంలో దాచొద్దు. జలుబు ఉంటే ఆ రోజుకు మానేయాలి. చెవుల్లో ఒత్తిడి సమం కాక కర్ణభేరి దెబ్బతినవచ్చు. దిగుతున్నకొద్దీ ముక్కు మూసుకొని మెల్లగా ఊదాలి, నొప్పి మొదలయ్యాక కాదు, నొప్పికి ముందే. తలకు నూనె పెట్టుకొని పోతే మాస్కు పట్టీ జారుతుంది. ఒత్తు మీసం ఉంటే ముక్కు కింద సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, పై అంచు కాస్త కత్తిరించుకోవడమో, రోజంతా ఉప్పు నీళ్లు మింగడమో తేల్చుకోవాలి. పుస్తెలతాడు, ఉంగరాలు గదిలోనే భద్రం. నీళ్లలో వేళ్లు ముడుచుకొని ఉంగరం జారితే దొరకదు. అన్నిటికన్నా ముఖ్యం, స్కూబా చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దు. రక్తంలో కరిగిన నైట్రోజన్ పైకి పోయాక బుడగలు కడుతుంది. అందుకే పై లెక్కలో దాన్ని మూడో రోజున పెట్టింది.

బారాటాంగ్ పోవాలా

బారాటాంగ్ దీవిలో సున్నపురాతి గుహలు, బురద ఉబికే గుట్ట చూడాలంటే ఒక పూర్తి రోజు పడుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగింటికే పోర్ట్‌బ్లెయిర్‌లో బయలుదేరాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ ఆపి, టైము ప్రకారం ఒకే వరసగా వదులుతారు. ఆ అడవి జరావా తెగ వారిది. తొవ్వలో బండి ఆపడం, ఫొటో తీయడం, తినేవి ఇవ్వడం నేరం, జైలు శిక్ష ఉంది. వాళ్లను చూపిస్తామని చెప్పే ఏజెంటు దగ్గర ఏదీ కొనొద్దు. గుహ దగ్గర కిలోమీటరు పైన నడక ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ రోజు మానేయడమే మంచిది, వాళ్లకు రాస్ దీవి చాలు.

భాష, తిండి, పైసలు

2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. ఎక్కువగా ఉత్తరాంధ్ర నుంచి పోయినవాళ్లు, యాస వేరు, ఆదరణ ఒకటే. ఆటో మాట్లాడేటప్పుడు ముందు తెలుగులోనే అడిగి చూడండి. తిండికి ఇబ్బంది లేదు, కాకపోతే కారం మనకు సరిపోదు. నువ్వుల పొడి, వెల్లుల్లి కారం ఒక డబ్బా ఉంటే అన్నం దిగుతుంది. చేపలు తాజావే కానీ బరువును బట్టి ధర చెప్తారు, వండకముందే తూకం, ధర అడగాలి.

చెన్నై నుంచి సముద్రం కింద వేసిన కేబుల్ 2020లో వచ్చాక పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంటర్నెట్ బాగుపడింది. నీల్‌లో, బారాటాంగ్ తొవ్వలో సిగ్నల్ నమ్ముకోవద్దు. ఫోన్‌పే ఆగిపోయినప్పుడు రెండు రోజుల ఖర్చుకు నోట్లు ఉండాలి. టికెట్లు, గది రసీదులు ఫోన్‌లో దాచుకోవడం కాదు, కాగితం మీద తీసుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు

బీచిలో ఏరిన పగడపు ముక్కలు, అవి చచ్చి తెల్లబడ్డవైనా, తేవొద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. విమానాశ్రయం స్కానర్‌లో కనబడతాయి, బ్యాగు విప్పించి తీసేస్తారు, పిల్లల జేబులు కూడా ఒకసారి వెతకండి. దుకాణంలో కొన్న గవ్వలకైతే బిల్లు దగ్గర ఉంచుకోవాలి. ఇంటికొచ్చాక సముద్రంలో తడిసిన బట్టల్ని నేరుగా మెషీన్‌లో వేయకుండా రెండుసార్లు మంచినీళ్లలో జాడించి వేయండి, కెమెరా స్టాండు, గొడుగు కడ్డీలను తడిగుడ్డతో తుడవండి. ఉప్పు ఆరితే నెల తిరిగేలోపు తుప్పే.